సీమవాడికి గిటారెందుకని అడిగేవాళ్లతో

అనంతపురం నుంచి వచ్చినవాడు ఏం రాయాలో తెలుగు సాహిత్యం ముందే తీర్మానించి పెట్టుకుంది. ఎండిన బోరు రాయాలి. వాడిన శెనక్కాయ చేను రాయాలి. బెంగుళూరు పోయే వలస బస్సు, తాళం పడిన ఇల్లు, ముసలివాళ్లే మిగిలిన వీధి రాయాలి. కొంచెం కారం కావాలంటే ఫ్యాక్షన్ ఎటూ ఉంది. ఈ జాబితాలో ఐరన్ మెయిడెన్ లేదు. నా తగాదా ఈ జాబితాతోనే.

2007 మార్చి 17న బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ వాయించింది. ఇండియాలో ఆ బ్యాండుకి అదే మొదటి షో. అప్పటికి వాళ్లు బ్యాండు పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్న మేం నలుగురం ఆ షోకి పోయినాం. కొన్నేళ్ల తర్వాత ఆ రాత్రి గురించి ఒక వ్యాసం రాసి ఒక పత్రికకి పంపితే, సంపాదకుడు మర్యాదగానే జవాబిచ్చారు: "బాగుంది. కానీ ఇందులో మీ ప్రాంతం ఎక్కడుంది?" ఒక సభ అయ్యాక టీ తాగుతూ ఒక పెద్దాయన ఇదే మాట ఇంకాస్త ముక్కుసూటిగా అన్నారు: "మీ ఊళ్లో తాగేకి నీళ్లు లేవు, నీకు మెటల్ సంగీతం కావాల్సొచ్చిందా?" హైదరాబాద్ మిత్రుడొకడు నవ్వేసి, "అదంతా డబ్బున్న పిల్లల వ్యవహారం కదా" అన్నాడు.

మూడూ వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, మూడింటి అడుగున ఉన్న నమ్మకం ఒకటే. కరువు నేల మనిషికి దుఃఖం సొంతం, సంతోషం అరువు. ఏడుస్తూ రాస్తే అది ప్రాంతీయ సాహిత్యం. గంతులేసిన రాత్రి గురించి రాస్తే అది పట్నపు సోకు.

సంపాదకుడి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. మా ప్రాంతం ఆ రాత్రి రైల్లోనే ఉంది. జనరల్ బోగీలో మేం నలుగురం నల్ల టీషర్టుల్లో కూర్చున్నాం. ధర్మవరంలో బేల్దారి పనికి పోయేవాళ్లు ఎక్కారు. తాపీలు, గుడ్డల మూటలు, రొట్టె, ఊరిబిండి కట్టుకున్న సద్ది. వాళ్లలో ఒకాయన మా నలుపు చూసి అడిగాడు: "ఏమప్పా, మాలేసినారా? ఈ నెల్లో యాడి మాల?"

"మాల కాదన్నా. పాటకచేరికి పోతాండాం."

"ఎవురు పాడేది?"

"ఇంగ్లీషోళ్లు. లండన్ నుంచి వొస్తాండారు."

ఆయన కాసేపు ఆలోచించి, "అంత దూరం నుంచి పాడేకి వొస్తాండారంటే బాగానే పాడ్తారులే. పోయిరాండి" అన్నాడు. రొట్టె తుంచి మా చేతుల్లో పెట్టాడు.

మాకు ఆ షోకి పోయే హక్కు ఉందా లేదా అన్న అనుమానం ఆ బోగీలో ఎవరికీ రాలేదు. బేల్దారి మేస్త్రీకి రాని అనుమానం సాహిత్యకారులకి ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇక రెండో ప్రశ్న, నీళ్లు లేని ఊళ్లో పాట ఎందుకు అన్నది. అడిగినవాళ్లకి కరువు ఊరు తెలుసుగానీ, కరువు ఊళ్లో జనం ఏం చేస్తారో తెలిసినట్టు లేదు. వాన పడకపోతే సీమ ఊళ్లల్లో విరాటపర్వం చదివిస్తారు. రాత్రిళ్లు ఊరంతా ఒకచోట కూర్చుని ఒకడు చదువుతుంటే వింటారు. చెక్కభజన కడతారు, జాతర చేస్తారు. మంచి ఏడు వచ్చినప్పుడు ఎవరి కళ్లంలో వాళ్లకి పని. చెడ్డ ఏడే జనాన్ని ఒకచోటికి చేర్చి పాట వినిపిస్తుంది. కరువులో పాట మర్యాద కాదని మాకు చెప్పిందెవరో గానీ, మా ఊరివాళ్లు మాత్రం కాదు.

మా తాత సంగతే చూడండి. పద్యనాటకమంటే ఆయనకి ప్రాణం. హరిశ్చంద్ర, చింతామణి, శ్రీకృష్ణ రాయబారం ఎక్కడ ఆడినా, రెండు మూడు ఆమడలైనా సరే, చెప్పులు చేతబట్టుకుని నడిచిపోయేవాడు. తెల్లారి వచ్చి మంచంలో పడుకునేవాడు కాదు. అరుగు మీద కూర్చుని ఏ పద్యానికి ఎన్నిసార్లు వన్స్‌మోర్ పడిందో, హార్మోనియం ఆయన రాగాన్ని ఎక్కడ పట్టి ఎక్కడ వదిలాడో, ఫలానా కృష్ణుడికి గొంతు జీరపోయినా జనం ఎట్ల నిలబెట్టినారో చెప్పేవాడు. ముప్పై ఏళ్ల కిందటి నాటకాన్ని కూడా నిన్న చూసినట్టే చెప్పేవాడు. ఆ వన్స్‌మోర్ల లెక్క మీద ఆయనా, మా చిన్నతాతా దాయాదుల్లా కొట్లాడుకునేవారు.

ఇప్పుడు ఐరన్ మెయిడెన్ చూసొచ్చిన నలుగురిని ఒకచోట కూర్చోబెట్టండి. సరిగ్గా అదే జరుగుతుంది. ఏ పాట ముందు, ఏది తర్వాత అన్నది అచ్చులో దొరుకుతుంది, దాని మీద కొట్లాట అక్కర్లేదు. కొట్లాట మిగతావాటి మీద. మా నలుగురిలో ఒకడికి గుర్తున్నది దాహం. మధ్యాహ్నం నుంచి నిలబడి, నీళ్లు తాగితే బయటికి పోవాల్సొస్తుందని గొంతు తడుపుకోకుండా ఉన్న ఐదు గంటలు. ఇంకొకడికి గుర్తున్నది ముందు నిలబడిన మనిషి వీపు, దాని మీద చెమటకి అతుక్కున్న టీషర్టు బొమ్మ. మూడోవాడు డ్రమ్ము దెబ్బ కడుపులో తగలడం తప్ప ఇంకేమీ గుర్తులేదంటాడు. నాకు గుర్తున్నది 'ఫియర్ ఆఫ్ ద డార్క్'. ఆ పాటలో గిటారు వరస ఒకటుంది, దానికి మాటల్లేవు. ఆ వరసని మైదానమంతా నోటితో పాడింది. కన్నడం వాళ్లు, తమిళం వాళ్లు, మలయాళం వాళ్లు, ఈశాన్యం నుంచి వచ్చినవాళ్లు, మేము. "వాళ్ల ఇంగ్లీషు మీకు అర్థమయ్యేదా?" అని అడిగేవాళ్లకి నేను ఇదే చెప్తాను. అంతమంది కలిసి పాడింది గిటారుని. దానికి నిఘంటువు లేదు.

తాత జ్ఞాపకం మీద వ్యాసాలున్నాయి, కథలున్నాయి. నాటక సమాజాల స్వర్ణయుగం అని ప్రత్యేక సంచికలున్నాయి. ఉండాలి కూడా. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవని మనం ఊరికే తలుచుకోం. మనవడి జ్ఞాపకానికి వచ్చేసరికే "ఇందులో ప్రాంతం ఎక్కడ?" అన్న ప్రశ్న పుడుతుంది. ఇద్దరూ చేసింది ఒకే పని. ఊరు దాటి, నిద్ర మానుకుని, చేతిలో లేని డబ్బు ఖర్చుపెట్టి, మళ్లీ దొరకని ఒక రాత్రిని ఒంట్లో పెట్టుకుని తిరిగొచ్చారు.

గిటారు మనది కాదంటారు. మా తాత చెవి కోసుకున్న హార్మోనియం ఎవరిది? యూరప్‌లో పుట్టి, ఓడెక్కి వచ్చి, మన భజన మందిరాల్లో, నాటకాల స్టేజీ పక్కన చేరింది. ఈరోజు హార్మోనియం లేని పద్యాన్ని ఊహించుకోండి చూద్దాం. కర్ణాటక కచేరీలో వయొలిన్ లేకపోతే వెలితిగా అనిపిస్తుంది, అదీ అక్కడి నుంచి వచ్చిందే. వాయిద్యం ఎక్కడ పుట్టిందన్నది దాని జాతకం. ఎవరి చేతిలో, ఎవరి చెవిలో బతుకుతోందన్నది దాని ఊరు.

పాట కోసం సరిహద్దు దాటడం కూడా మాతో మొదలుకాలేదు. 1893లో ఈ జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ గారు మైసూరు పోయారు. అక్కడి మహారాజా కాలేజీలో తెలుగు చెప్పారు, సంగీతం సాధించారు, తర్వాత తిరుపతిలో అన్నమయ్య సంకీర్తనలకి రాగాలు కట్టారు. 1974లో సంగీత కళానిధి అయ్యారు. ఈ పీఠభూమి మనిషికి సంగీతం కావాలంటే దక్షిణానికి నడవడం పాత అలవాటే. మేం రైల్లో పోయినాం, అంతే తేడా.

హైదరాబాద్ మిత్రుడి మాట, డబ్బున్న పిల్లల వ్యవహారం అన్నది, సగం నిజం. టికెట్ మాకు దాదాపు నెల మెస్ బిల్లుతో సమానం. ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పి కూడబెట్టిన డబ్బు అది. కానీ ఆ సంగీతం పుట్టిందే డబ్బున్నవాళ్ల ఇళ్లల్లో అనుకుంటే పొరపాటు. హెవీ మెటల్‌కి మూలపురుషుల్లో ఒకడైన బ్లాక్ సబ్బత్ టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ కార్మికుడు. అక్కడి యంత్రం కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెంపేసింది. అతనిది ఎడమచేతి వాటం, తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. నొప్పి పుట్టకుండా తీగల బిగువు తగ్గించుకున్నాడు. ఆ బరువైన, కిందికి దిగిన మోత అట్ల తయారైంది. పని చేసే చోట చెయ్యి పోగొట్టుకున్న మనుషులు మా జిల్లాలో ఇంటింటి చుట్టాలు. ఆ మోత మాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

కరువుకీ గిటారుకీ చుట్టరికం లేదనేవాళ్లు ఒకసారి సహారా వైపు చూడాలి. 1970లలో అక్కడ వరుస కరువులకి మందలు చచ్చిపోతే తువారెగ్ కుర్రాళ్లు పనులు వెతుక్కుంటూ అల్జీరియా, లిబియా పట్టణాలు చేరారు. నిరుద్యోగి అనే ఫ్రెంచి మాట నుంచి వాళ్లకి 'ఇషుమార్' అని పేరు పడింది. ఆ కుర్రాళ్లు గిటారు పట్టుకున్నారు. 1979లో మొదలైన వాళ్ల బ్యాండు తినారివెన్ 2012లో గ్రామీ తీసుకుంది. ఎడారి మనుషులకి ఒంటెలు చాలవా, కరెంటు గిటారెందుకని వాళ్లనెవరూ అడిగినట్టు లేదు. అడిగినా వాళ్లు వినిపించుకుని ఉండరు.

ఇంకో రకం వాళ్లున్నారు. వీళ్లు నన్ను మెచ్చుకుంటూనే దారి మళ్లిస్తారు. "రాక్ కోసం బెంగుళూరు దాకా ఎందుకు, మన అనంతపురం ఉరుముల నృత్యమే మన రాక్ కదా" అంటారు. వినడానికి ఎంత బాగుందో! ఉరుములు నేనూ విన్నాను. తోలు మీద కట్టె రాసి మేఘం గర్జించినట్టు మోత పుట్టించడం, ఆ బరువు మెడకేసుకుని చుట్టూ తిరుగుతూ ఆడటం మాటలు కాదు. అయితే ఆ డప్పుకి రాక్ అనే సర్టిఫికెట్ ఎందుకు? అది దళితుల కళ. దేవర ముందర, జాతరలో, కులం గీసిన గీత లోపల బతికిన కళ. ఆ కళాకారులకి కావాల్సింది మన పోలిక కాదు. ఏడాది పొడుగునా ఆడే చోటు, ఆడినందుకు సరైన కూలి, పిలిచిన ఇంట్లో పక్కన కూర్చుని తినే పంక్తి. అవి ఇవ్వకుండా, గిటారు వింటున్న నన్ను గదమాయించడానికి మాత్రం వాళ్ల ఉరుము అరువు తెచ్చుకుంటారు. నాకు రెండూ కావాలి. రెండిటినీ వాటి వాటి పేర్లతోనే పిలుస్తాను.

నా తగాదా తెలుగువాళ్లతో మాత్రమే అయితే సులువే. బెంగుళూరు అభిమానులతోనూ ఉంది. వాళ్ల జ్ఞాపకాలు ఎప్పుడూ ఒక వరుసలో నడుస్తాయి: 2002లో రోజర్ వాటర్స్, 2003లో రోలింగ్ స్టోన్స్, 2007లో మెయిడెన్, 2011 అక్టోబర్ 30న మెటాలికా. చివరిదానికి గుర్గావ్‌ని తప్పకుండా ముడిపెడతారు. రెండు రోజుల ముందు అక్కడ షో ఆగిపోతే జనం స్టేజీ మీద పడ్డారని, "మా ఊళ్లో అట్లాంటివి జరగవు" అని. ఈ వరుసలో అంతా తమ ఊరి గొప్పే. ఆ మైదానం నింపింది ఎవరని అడగరు. కోలారు, కర్నూలు, సేలం, హిందూపురం నుంచి రాత్రి బస్సుల్లో వచ్చి, మెజెస్టిక్‌లో మొహం కడుక్కుని, మేఖ్రి సర్కిల్ దాకా నడిచినవాళ్లు వాళ్ల కథల్లో 'క్రౌడ్' అనే ఒక్క మాటలో కలిసిపోతారు.

క్రౌడ్‌లో కూడా లెక్కకి రాని మనిషి ఒకాయన ఉన్నాడు. కంచె దగ్గర నిలబడిన సెక్యూరిటీ గార్డు. మా మాటలు విని, "ఏ ఊరప్పా మీది?" అని అడిగాడు. అనంతపురం అంటే ఆయన మొహం విప్పారింది. "మాది కదిరి తావ" అన్నాడు. సేద్యం వదిలి మూడేళ్లయిందట. షో మొదలయ్యాక ఆయన పని స్టేజీకి వీపు పెట్టి మా వైపు చూడటం. దాదాపు రెండు గంటలు అట్లే నిలబడ్డాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు, తిరిగితే సూపర్‌వైజర్ అరుస్తాడు. ఆయన వెనకాల అంతెత్తు ఎడ్డీ బొమ్మ, మంటల రంగు లైట్లు. అవన్నీ ఆయన మా మొహాల మీదే చూశాడు. షో అయిపోయాక, "బాగా గోల చేసినార్రా, నా చెవులు పొయినాయి" అని నవ్వాడు. ప్యాలెస్ గ్రౌండ్స్ మీద నేను చదివిన ఏ జ్ఞాపకంలోనూ ఈయన లేడు. స్టేజీకి ఇనుప గొట్టాలు బిగించినవాళ్లూ, తెల్లారి సీసాలు ఏరినవాళ్లూ లేరు.

ఒక అమ్మాయి కూడా లేదు. మా క్లాసులో అందరికంటే ఎక్కువ మెటల్ విన్నది ఆమె. మేం పాటలు కాపీ చేసుకున్నది ఆమె హార్డ్‌డిస్క్ నుంచే. ఏ ఆల్బమ్‌లో ఎవరు డ్రమ్స్ వాయించారో అడిగితే తడుముకోకుండా చెప్పేది. షోకి మాత్రం రాలేదు. ఆడపిల్లల హాస్టల్ గేటు సాయంత్రం ఆరింటికి మూసేసేవారు. రాత్రి రైలుకి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. మేం తిరిగొచ్చాక ఆమె మమ్మల్ని కాలేజీ మెట్ల మీద కూర్చోబెట్టి గంటన్నర ప్రశ్నలు వేసింది. ఏ పాటకి లైట్లు ఏ రంగు, బ్రూస్ డికిన్సన్ ఎక్కడి నుంచి ఎక్కడికి గెంతాడు, బేస్ వినిపించిందా లేదా. మాకు తెలియనివి ఎన్నో మా చేతనే గుర్తు చేయించింది. రెండేళ్లకి ఆ బ్యాండు ప్రపంచ పర్యటన మీద తీసిన 'ఫ్లైట్ 666' సినిమా వచ్చింది. అందులో ముంబై జనాన్ని చూసి, "వీళ్లల్లో ఆడపిల్లలు ఎంతమందో లెక్కపెట్టు" అని నాకు మెసేజ్ చేసింది. షో చూడకుండా ఉండిపోయిన జ్ఞాపకం కూడా షో జ్ఞాపకమే. మా కథలో ఎవరికైనా నిజంగా అన్యాయం జరిగి ఉంటే అది ఆమెకి. "మీ ఊళ్లో నీళ్లు లేవు కదా" అన్న పెద్దమనుషులు ఆ హాస్టల్ గేటు గురించి ఒక్క ముక్క అడగలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కరువు సాహిత్యం వద్దని నేను అనడం లేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లా మాది. ఆ బతుకుని తెలుగు సాహిత్యం దశాబ్దాలపాటు పట్టించుకోలేదు. విద్వాన్ విశ్వం, సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, బండి నారాయణస్వామి లాంటివాళ్లు కొట్లాడి ఆ బతుకుని పేజీ మీదికి తెచ్చారు. వాళ్లు రాయకపోతే నేను కూర్చుని రాసే ఈ అరుగు ఉండేది కాదు. కానీ వాళ్లు తెరిచిన తలుపుని తర్వాతివాళ్లు చెక్‌పోస్ట్ చేశారు. దుఃఖం చూపిస్తే గేటు ఎత్తుతారు, లేకపోతే పక్కకి ఆపుతారు. పెన్నేటి ఎండని కావ్యం చేసిన విశ్వం గారే దానికి 'పెన్నేటి పాట' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరులో పాట ఉందని ఎవరికైనా గుర్తుందా?

ఈ తీర్పు వల్ల నష్టం నా ఒక్కడి వ్యాసానికి కాదు. ఒక ప్రాంతం గురించి దుఃఖం మాత్రమే రాస్తూ పోతే, చదివేవాళ్లకి అక్కడి మనుషులు జాలిపడాల్సిన జనంగా మిగులుతారు. జాలిపడినవాళ్లు ట్యాంకర్ పంపుతారు, విరాళం ఇస్తారు. తమతో సమానంగా కోరికలున్న మనిషిగా మాత్రం చూడరు. నీళ్లు అడిగే హక్కూ, పాట అడిగే హక్కూ ఒకే మనిషివి. రెండోది లేదన్నవాళ్లు మొదటిదాన్ని కూడా దానంగానే ఇస్తారు.

అందుకని నాలా రాత్రి రైలెక్కి పోయినవాళ్లని అడుగుతున్నా, రాయండి. హిందూపురం, గుంతకల్లు, కదిరి, తాడిపత్రి నుంచి పోయినవాళ్లు, ఇప్పుడు పోతున్నవాళ్లు. ఇంగ్లీషులో అందరూ రాసే 'మరపురాని రాత్రి' వద్దు. టికెట్ డబ్బు ఎక్కడిదో రాయండి. ఇంట్లో ఏం అబద్ధం చెప్పారో రాయండి. బోగీలో పక్కన ఎవరు కూర్చున్నారో, మీతో రావాల్సి ఉండీ రాలేనిది ఎవరో, కంచె దగ్గర మీ యాసలో పలకరించింది ఎవరో రాయండి. తిరిగొచ్చాక ఎన్ని రోజులు చెవుల్లో ఆ ఈల మోగిందో రాయండి. సంపాదకులారా, అవి వచ్చినప్పుడు వాటిని 'సంగీతం' శీర్షిక కింద మూలకి తోయకండి. సీమ కథ పక్కన, అదే పేజీలో వేయండి.